ఉల్లివేరుకు నూగెందుకు లేదు?

కర్నూలు

చిరంజీవులైన మనవరాలికీ మనవడికీ తాత దీవెనలు.

గ్లాసు నీళ్లమీద ఉల్లిగడ్డ నిలబెడితే తెల్లటి వేర్లు దిగాయనీ, వేరుకు నూగు ఉంటుందని పాఠంలో ఉంటే దీని వేరు మాత్రం నున్నగా ఉందనీ, మరి ఇది మట్టిలో తిండి ఎట్లా తింటుందనీ అమ్మాయి అడిగింది. చాలా మంచి ప్రశ్న. మా కర్నూలు చుట్టుపక్కల ఇంత ఉల్లి పండిస్తాం గానీ, దాని వేరును ఇంత శ్రద్ధగా చూసేవాళ్లు తక్కువ.

మొక్కకు కావలసిన వాటిల్లో భాస్వరం మొండిది. నత్రజని నీళ్లతోపాటు వేరు దగ్గరికి వచ్చేస్తుంది, భాస్వరం రాదు. మన నల్లరేగడిలో అయితే సున్నంతో కలిసి ఉన్నచోటే బిగుసుకుంటుంది. తన చుట్టూ ఒకటి రెండు మిల్లీమీటర్ల మేర ఉన్నది తినేశాక, అవతల ఎంత ఉన్నా వేరుకు అందదు.

నా చిన్నప్పుడు మా అవ్వ మోకాళ్ల నొప్పులతో అరుగు దిగేది కాదు. అయినా ఆమె వంటింట్లో ఏదీ తక్కువయ్యేది కాదు, నేనున్నాను కదా! అంగడికి పరిగెత్తి చింతపండో జీలకర్రో తెచ్చేవాణ్ని. ఆమె కొంగుముడి విప్పి బెల్లంముక్క చేతిలో పెట్టేది. దానికి చీర నూలుపోగులు అంటుకుని ఉండేవి, దులుపుకుని తినేవాణ్ని. పని చేసిపెట్టినవాడికి ఇవ్వాల్సింది అప్పుడే ఇచ్చేయాలనేది. మీరూ అట్లాగే ఉండండి.

ఉల్లివేరుకు కూడా అట్లాంటి పిల్లవాడున్నాడు. అతడు ఒక శిలీంధ్రం. అతడి పోగు మన తలవెంట్రుక కంటే ఎంతో సన్నం. వేరు దూరలేని సందుల్లో దూరి, సెంటీమీటర్ల కొద్దీ దూరం పోయి భాస్వరం తెస్తాడు, జింకు తెస్తాడు. తెచ్చినదాన్ని గడప దగ్గర పెట్టి పోడు. వేరు లోపలికే వచ్చి, కణాల్లో సన్నటి కొమ్మలుగా చీలి, అక్కడ అప్పజెబుతాడు. ఆకు ఎండలో తయారుచేసుకున్న తిండిలో నూటికి 4 నుంచి 20 పాళ్ల దాకా అతడికి బెల్లంగా ముడుతుంది. ఈ ఇచ్చిపుచ్చుకోవడం నిన్నమొన్నటిది కాదు పిల్లలూ. స్కాట్లండ్‌లో రైనీ అనే ఊరి దగ్గర, 40 కోట్ల ఏళ్ల కిందట రాయిగా మారిన మొక్కల్లోనూ ఆ కొమ్మలు కనబడ్డాయి. అప్పటికి భూమ్మీద ఒక్క పువ్వు కూడా పూయలేదు! ఆ మాట తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

సరుకంతా బస్తాల్లో ఇంటికే దిగితే అవ్వ నన్నెందుకు పిలుస్తుంది? భాస్వరం ఉండే డీఏపీ ఎరువు మోతాదు మించి కుమ్మరిస్తే మొక్క కూడా ఈ పిల్లవాణ్ని పిలవడం తగ్గిస్తుంది. చేను పదేపదే దున్నితే అతడి దారులు తెగుతాయి. పంటే లేకుండా చాలాకాలం బీడు పెడితే బెల్లం పెట్టేవాళ్లు లేక పలచబడిపోతాడు. ఉల్లి నారుమడిలో వ్యామ్ అనే జీవన ఎరువు వేయమంటారే, ఆ సంచిలో ఉండేది ఇతడే. ఎరువు మానేయమని నేననను. మట్టి పరీక్ష చేయించి, కావలసినంతే వేస్తే చాలంటాను.

అన్ని మొక్కలూ ఇతణ్ని పిలవవు. ఆవాలు, క్యాబేజీ, పాలకూర తమ పని తామే చూసుకుంటాయి. ఆవాలు ఎట్లా చూసుకుంటాయో నేను చెప్పను, మీరే చూడండి. పళ్లెంలో తడిగుడ్డ పరిచి చిటికెడు ఆవాలు చల్లి, ఆరిపోకుండా మూతపెట్టండి. రెండు మూడు రోజులకు వేరు చుట్టూ తెల్లగా ఏదో కనబడుతుంది. బూజు పట్టిందని అమ్మ పారబోయకుండా ముందే చెప్పిపెట్టండి. వేలితో ముట్టుకోవద్దు, నలిగిపోతుంది. ఇంకో పళ్లెంలో ఉల్లివిత్తనాలు మొలకెత్తించండి, వాటికి ఇంకొన్ని రోజులు ఎక్కువ పడుతుంది. రెండింటినీ భూతద్దంతో చూసి, ఏ వేరుకు ఎంత నూగుందో అక్క రాయాలి, తమ్ముడు బొమ్మ గీయాలి. రెండూ ఒకే కవరులో పెట్టి పంపండి.

మీ తాత