మోటారు ఆపిన తరువాత: పల్నాటి గనుల వెనకటి కథ

ఎండాకాలం సెలవులు మొదలయ్యాయంటే, క్వారీ గుంటలో ఈతకు దిగి పిల్లలు చనిపోయారన్న వార్త జిల్లా పేజీలో ఏదో ఒక మూల వస్తూనే ఉంటుంది. రెండు రోజులు కంచె వేయాలంటారు, బోర్డు పెట్టాలంటారు. వానలు పడేసరికి అందరం మర్చిపోతాం. పిడుగురాళ్ల, దాచేపల్లి వైపు సున్నపురాయి గుంటలు, పేరేచర్ల దగ్గర కంకర క్వారీలు, చేబ్రోలు మండలంలో గ్రావెల్ తీసిన పల్లాలు. గుంటూరు నుంచి ఏ దిక్కుకు బయల్దేరినా గంటలోపే తవ్వి వదిలేసిన నేల ఒకటి తగులుతుంది. వడ్లమూడిలో అయితే దేవుడికే క్వారీ పేరు స్థిరపడింది. శివరాత్రికి జనం వెళ్లేది క్వారీ బాలకోటేశ్వరస్వామి గుడికే.

గుంటలు కంటికి కనపడతాయి కాబట్టి కనీసం వార్త అవుతాయి. గని మూతబడ్డాక దాని చుట్టూ మిగిలే మట్టి, అందులోంచి జారే నీళ్లు మాత్రం ఎవరి లెక్కలోకీ రావు. అది ఎందుకు రాలేదో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

తవ్వడం ఈ నేలకు కొత్త కాదు. అమరావతి స్తూపానికి శిల్పాలు చెక్కింది పల్నాటి సున్నపురాయి మీదే. అది రెండు వేల ఏళ్ల నాటి మాట. ఆ తరువాత వజ్రాల వంతు. కృష్ణ ఒడ్డున బెల్లంకొండ మండలంలో ఉన్న కొల్లూరును 17వ శతాబ్దంలో టావెర్నియర్ అనే ఫ్రెంచి వ్యాపారి చూశాడు. ఆ చోటును ఇక్కడి భాషలో ‘గని’ అంటారని రాసుకున్నాడు. అరవై వేల మంది దాకా పనిచేస్తున్నారని కూడా రాశాడు. మగవాళ్లు తవ్వేవారు, ఆడవాళ్లు, పిల్లలు మట్టి మోసేవారు. కోహినూర్ ఇక్కడిదేనని చెబుతారు.

ఆయన చెప్పిన వాటిలో నాకు వజ్రాల కంటే ఆసక్తిగా అనిపించింది వేరే సంగతి. అక్కడ పది, పన్నెండు, మహా అయితే పద్నాలుగు అడుగుల లోతు తవ్వేవారట. నీళ్లు పడితే ఇక ఆ గుంట మీద ఆశ వదిలేసేవారట. అంటే ఎంత లోతుకు వెళ్లాలన్నది నీళ్లే తేల్చేవి. పలుగూ పారా పట్టిన మనిషికి అంతకు మించి దారి లేదు. ఇప్పుడు ఆ కొల్లూరు పులిచింతల ప్రాజెక్టు కింద ఉంది. 2013 డిసెంబరులో జాతికి అంకితం చేసిన ఆ జలాశయం సామర్థ్యం 45.77 టీఎంసీలు. పాత వజ్రాల గుంటలన్నీ కృష్ణ నీళ్లలో మునిగాయి. వాటిని పూడ్చే ఖర్చు ఎవరికీ పడలేదు.

నీళ్లు పడ్డా ఆగక్కర్లేదన్న రోజు కరెంటు మోటారుతో వచ్చింది. పల్నాడులో దానికి మంచి ఉదాహరణ బండ్లమోటు. వినుకొండకు అవతల, బొల్లాపల్లి మండలంలో ఉంది. పక్కనే ఈపూరు మండలంలోని అగ్నిగుండాల పేరుతో ఈ ప్రాంతమంతా గనుల పుస్తకాల్లోకి ఎక్కింది. బండ్లమోటు కొండలో సీసం ఉంది. నల్లకొండ, ధూకొండల్లో రాగి ఉంది. జియాలజికల్ సర్వే వాళ్ల అన్వేషణ తరువాత ప్రభుత్వ రంగంలో పని మొదలైంది. సీసం గనిని హిందుస్థాన్ జింక్ నడిపింది. 1966లో పెట్టిన, అప్పట్లో కేంద్ర ప్రభుత్వానిదైన ఈ సంస్థ విశాఖలో స్మెల్టర్, అంటే ఖనిజం కరిగించి లోహం తీసే కర్మాగారం, కట్టింది 1970ల చివర్లో. అప్పటికి దేశంలో సీసం కొరత గట్టిగా ఉంది. వానాధారం సేద్యం తప్ప మరో దారి లేని ఊళ్లకు నెల జీతం, క్వార్టర్స్, క్యాంటీన్ అంటే మాటలు కాదు.

మా మేనమామ అక్కడ కొన్నేళ్లు పంపుల దగ్గర పనిచేశారు. చిన్నప్పుడు సెలవులకు వాళ్లింటికి వెళ్తే షోకేసులో ఒక రాయి ఉండేది. నిమ్మకాయంత రాయి, చేతికి తీసుకుంటే ఇనుప గుండు పట్టుకున్నట్టు దిగలాగేది. ఎక్కడ విరిగినా చదరంగా, మెట్లు మెట్లుగా విరిగి అద్దంలా మెరిసేది. దాని పేరు గెలీనా అనీ, సీసం గంధకం కలిస్తే అదనీ నాకు కాలేజీకి వెళ్లాక తెలిసింది. 

“మావయ్యా, కొండ లోపల అన్ని నీళ్లెక్కడివి?” అని అడిగాను ఒకసారి.

“రాయికి ఎక్కడ పగులుంటే అక్కణ్ణుంచి వస్తయిరా. తోడేవాడు తోడుతుంటేనే అది గని. పంపు ఆపితే బావి,” అన్నారు.

నేను ఈ సమస్య గురించి చదివిందంతా ఆ రెండో వాక్యానికి వ్యాఖ్యానంలాగే అనిపిస్తుంది. గని నడిచినన్నాళ్లూ నీళ్లను బయటికి తోడేస్తారు. రాయి ఆరుతుంది, దానికి గాలి తగులుతుంది. లాభం లేదనుకున్న రోజున మోటారు ఆపేస్తారు. నీళ్లు మళ్లీ పైకి వస్తాయి. ఈ సారి మాత్రం అవి గాలి తగిలిన గంధకపు ఖనిజాలను కడుక్కుంటూ వస్తాయి. పైరైట్ లాంటి ఖనిజానికి గాలి, నీరు రెండూ తగిలితే గంధకామ్లం పుడుతుంది. కొన్ని రకాల బ్యాక్టీరియా ఆ పనిని ఇంకా వేగంగా చేయిస్తాయి. ఆ ఆమ్లం రాయిలోని ఇనుము, రాగి, జింకు, సీసాలను కరిగించి వాగులోకి తెస్తుంది. బొగ్గు గనులున్న మేఘాలయలో కొన్ని వాగులు తుప్పు రంగుకు మారింది, చేపలు బతకకుండా పోయింది ఇలాగే.

పల్నాడు రాయి మాత్రం కొంచెం వేరు. బండ్లమోటులో సీసం పట్టింది డోలమైట్ రాతిలో. డోలమైట్ సున్నపురాయికి చుట్టం. ఆమ్లం పుట్టినా అక్కడికక్కడే విరిచేస్తుంది. అందుకే ఇలాంటి చోట నీళ్లు ఎర్రబడవు, వాసన రావు, తేటగా ఉంటాయి. బాటిల్లో పట్టి ల్యాబుకు పంపితే చాలాసార్లు పరవాలేదనే రిపోర్టు రావచ్చు. తాగే నీటిలో సీసం లీటరుకు 0.01 మిల్లీగ్రాము మించకూడదన్నది మన దేశ ప్రమాణాల సంస్థ బీఐఎస్ పెట్టిన గీత. సీసం నీళ్లలో తేలికగా కరిగి పోదు, మట్టిని పట్టుకుని కూర్చుంటుంది. దానికి కాళ్లు వచ్చేది గాలికీ వానకే. రాగి ఉన్న క్వార్ట్‌జైట్ రాతిలో అయితే ఈ విరుగుడు గుణం లేదు. ఒకే కొండల వరుసలో పక్కపక్కనే ఉన్న రెండు గనులకు రెండు రకాల జబ్బులు రావచ్చన్నమాట. బాగుచేసే వైద్యం కూడా ఒకటి కాదు.

అసలు మట్టి ఎంత మిగులుతుందో చూడండి. నూటికి ఐదారు పాళ్లు సీసం ఉన్న రాయి దొరికిందనుకుందాం. దాన్ని మిల్లులో పిండిలా ఆడించి, నీళ్లలో నూనె లాంటి రసాయనాలు కలిపి నురగ తెప్పిస్తారు. గెలీనా రేణువులు బుడగలకు అంటుకుని పైకి తేలతాయి. ఆ నురగను తీసి ఆరబెట్టి స్మెల్టరుకు పంపుతారు. మిగిలిన తొంభై పాళ్ల పైచిలుకు బూడిద రంగు బురద అంతా గట్టు కట్టిన చెరువులోకి వదులుతారు. గని భాషలో దాన్ని టైలింగ్స్ అంటారు. ఎంత బాగా పిండినా అందులో కొంత సీసం ఉండిపోతుంది. తడిగా ఉన్నన్నాళ్లు గొడవ లేదు. ఎండిందంటే ముఖానికి రాసుకునే పౌడరంత మెత్తన. మే నెలలో పల్నాటి వడగాలి ఎలా ఉంటుందో నేను చెప్పక్కర్లేదు. పిల్లల విషయంలో సీసం ఇంత దాకా పరవాలేదు అనే గీత లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మట్టిలో ఆడిన చెయ్యి నోట్లో పెట్టుకునేది వాళ్లే.

మరి చట్టం ఏం చేసింది? మన గనుల చట్టం 1957 నాటిది. లీజు ఎవరికివ్వాలి, రాయల్టీ ఎంత అన్నవే దాని ప్రధాన చింత. 1988 నిబంధనల్లో తవ్విన నేలను బాగుచేయాలన్న మాట వచ్చింది. ఎలా మూస్తారో ముందే ప్లాను రాసివ్వాలి, దానికి పూచీగా డబ్బు చూపించాలి అన్నది మాత్రం 2003లో గానీ రాలేదు. బండ్లమోటు లాంటి గనులు మొదలైన రోజుల్లో మూసివేత ప్లాను అనే కాగితమే లేదు. 2003లో పెట్టిన పూచీ మొత్తం పెద్ద యంత్రాలతో నడిచే గనులకు హెక్టారుకు 25 వేలు, మిగతా వాటికి 15 వేలు. అంటే పెద్ద గనులకైనా ఎకరానికి పదివేలే. ఆ రోజుల్లో ఎకరం మిరప తోట వేసిన రైతు అంతకంటే ఎక్కువే పెట్టుబడి పెట్టేవాడు. 2017లో దాన్ని 3 లక్షలు, 2 లక్షలకు పెంచారు. 2021లో 5 లక్షలు, 3 లక్షలు చేశారు. ఇప్పుడు నడుస్తున్న గనులకు ఇది పనికొస్తుంది. ఎప్పుడో ఆగిపోయిన వాటి దగ్గర వసూలు చేయడానికి ఎవరున్నారు?

సున్నపురాయి సంగతి ఇంకా విచిత్రం. ఒకే రాయి సిమెంటు ఫ్యాక్టరీకి పోతే మేజర్ మినరల్. నాగపూర్‌లోని కేంద్ర సంస్థ ఇండియన్ బ్యూరో ఆఫ్ మైన్స్ లెక్కలోకి వెళ్తుంది. అదే రాయి పిడుగురాళ్ల బట్టీలో కాలి ఇళ్లకు వేసే సున్నంగా మారితే మైనర్ మినరల్. అప్పుడది రాష్ట్ర గనుల శాఖ కింద, 1966 నాటి మైనర్ మినరల్ రూల్స్ కిందకు వస్తుంది. నేను పైన చెప్పిన కేంద్రం పూచీ నిబంధనలు మైనర్ మినరల్స్‌కు వర్తించవు. కంకర, గ్రావెల్, ఇసుక అన్నీ ఈ రెండో గాటనే. సీనరేజీ (తవ్విన ఖనిజానికి ప్రభుత్వం తీసుకునే రుసుము) కట్టారా, పర్మిట్ ఉందా అని అడిగే చెక్‌పోస్టు ఉంది. తవ్వడం అయిపోయాక గుంట ఏం చేశారని అడిగే చెక్‌పోస్టు నాకు ఎక్కడా కనపడలేదు. చిన్న క్వారీలకూ పర్యావరణ అనుమతి ఉండాలని సుప్రీంకోర్టు దీపక్ కుమార్ కేసులో చెప్పింది 2012లో. అప్పటికే తవ్వేసిన గుంటలు ఎన్నో.

2020 జనవరిలో అదే కోర్టు ఇంకో మాట చెప్పింది. గని పని ముగిశాక ఆ నేల మీద మళ్లీ గడ్డి మొలిపించడాన్ని లీజు షరతుగా పెట్టమంది. గడ్డే ఎందుకంటే పశువులు మేయాలి కాబట్టి. వినడానికి చిన్న మాటే. అయితే సీసం ఉన్న టైలింగ్స్ మీద నేరుగా గడ్డి పెంచి గొర్రెలు తోలితే అసలుకే మోసం. ముందు ఆ మట్టిని కప్పాలి.

అమెరికా వాళ్లు ఈ చిక్కును 1977లో ఒక రకంగా తేల్చారు. నడుస్తున్న బొగ్గు గనుల నుంచి టన్నుకు ఇన్ని సెంట్లని పన్ను తీసి, ఆ డబ్బుతో దిక్కులేని పాత బొగ్గు గనులను బాగుచేయడం మొదలుపెట్టారు. బంగారం, వెండి, సీసం గనులకు అలాంటి నిధి పెట్టలేదు. 2015 ఆగస్టులో కొలరాడోలో గోల్డ్ కింగ్ అనే పాత గని దగ్గర పర్యావరణ శాఖ పనివాళ్లే తవ్వుతుండగా లోపలి నీళ్లు ఒక్కసారిగా తన్నుకొచ్చాయి. యానిమస్ నది పసుపు ముద్దలా మారింది. బాగుచేయబోయినా ఇలా జరగవచ్చు.

మన దగ్గర నిధి లేదని అనలేం. గనుల చట్టానికి 2015లో చేసిన సవరణతో జిల్లా మినరల్ ఫౌండేషన్లు వచ్చాయి. లీజుదార్లు రాయల్టీ మీద అదనంగా, పాత లీజులైతే 30 శాతం, వేలంలో తీసుకున్నవైతే 10 శాతం అందులో కట్టాలి. తాగునీరు, పర్యావరణం ఆ డబ్బు ఖర్చు పెట్టాల్సిన ముఖ్య పద్దుల్లోనే ఉన్నాయి. కాకపోతే ఊళ్లో సీసీ రోడ్డు వేస్తే అందరికీ కనపడుతుంది, శిలాఫలకం ఉంటుంది. పాత టైలింగ్స్ కుప్ప మీద రెండడుగుల మట్టి కప్పితే ఎవరు చూస్తారు?

పని చూస్తే పెద్ద మాయాజాలం కాదు. కుప్ప మీదికి వాననీళ్లు రాకుండా చుట్టూ కాలవ తీయాలి. పైన బంకమట్టి దిమ్మిసా కొట్టి, దాని మీద మంచి మట్టి పోయాలి. గాలికి లేవకుండా వట్టివేరు నాటాలి. టైలింగ్స్ మీద వట్టివేరు నిలబడుతుందని చాలా దేశాల్లో చూశారు. కింద జారే నీళ్లకు జమ్ము పెరిగే మడుగులు కట్టి, లోహాలు అక్కడ దిగేలా చేయాలి. ఆమ్లం ఉన్న చోట సున్నం వేయాలి. ప్రపంచమంతా పాడైన గని నీళ్లకు వేసే మొదటి మందు సున్నమే. ఆ సున్నాన్ని లారీలకెత్తే పిడుగురాళ్ల, ఈ రాగి కొండలు ఒకే జిల్లాలో ఉన్నాయి.

వీటన్నిటి కంటే ముందు, ఎక్కడ చూడాలో తేల్చుకోవాలి. ఫిర్యాదు వస్తే బోరులోంచి రెండు బాటిళ్లు పట్టుకుపోయి నీళ్లు బాగున్నాయని తేల్చేయడం మన అలవాటు. డోలమైట్ నేలలో తీయాల్సిన శాంపిళ్లు వేరు. పొలం పై పొరలో నాలుగైదు అంగుళాల మట్టి, చెరువు అడుగు పూడిక, బడి ఆవరణలో దుమ్ము. అవసరమైతే పిల్లల రక్తం.

మావయ్య వాళ్లింట్లో ఆ గెలీనా రాయి ఇంకా ఉంది. మొన్న వెళ్తే షోకేసులో కనపడలేదు. పాకే మనవడు దేన్నైనా నోట్లో పెట్టుకుంటున్నాడని అత్తయ్య దాన్ని గుడ్డలో చుట్టి అటక మీద పెట్టేసింది.