వింటేజ్ కారుకి వాక్యూమ్ డిప్పర్: గొడవంతా ఒక్క రంధ్రం దగ్గరే

బ్రిటన్‌లో ఎల్‌ఈడీ హెడ్‌లైట్లు కళ్లు చెదరగొడుతున్నాయన్న రచ్చ మళ్లీ రేగింది, దాంతోపాటు వింటేజ్ కార్ల వాళ్ల పాత తగువు కూడా పైకొచ్చింది. 1920ల కారుకి వాక్యూమ్‌తో, అంటే ఇంజిన్ గాలిని లాక్కునే బలంతో, పనిచేసే డిప్పర్ (ఎదుటివాడి కళ్లలో పడకుండా హెడ్‌లైట్ వెలుగుని కిందికి దించే పరికరం) బిగిస్తే అది బాగుచేయడమా, పాడుచేయడమా? ఈ తగువుకి ముడి పడింది 1920ల రెండో సగంలో.

లండన్‌లో కార్లకి బాడీలు కట్టే బార్కర్ వాళ్లు అప్పటికే ఒక లివర్ పెట్టారు, అది లాగితే రాడ్ల సాయంతో రెండు దీపాలూ కిందికి వంగేవి. కానీ అది రోల్స్ రాయిస్, బెంట్లీ కొనగలిగే వాళ్ల సంగతి. మామూలు కార్లకి దొరికిన దారి వాక్యూమ్. బర్మింగ్‌హామ్‌లోని లూకాస్ కంపెనీ దాన్ని లూకాస్-గ్రేవ్స్ పేరుతో తెచ్చింది. ఇంజిన్ తిరుగుతున్నప్పుడు ఇన్‌లెట్ మానిఫోల్డ్‌లో (ఇంజిన్‌లోకి గాలి, పెట్రోల్ వెళ్లే గొట్టాల్లో) గాలిని లాక్కునే బలం ఉంటుంది కదా, అక్కడి నుంచి ఒక సన్నటి గొట్టం డ్రైవర్ చేతికందే చిన్న వాల్వ్‌కి, మళ్లీ అక్కడి నుంచి హెడ్‌లైట్ లోపలున్న బుల్లి సిలిండర్‌కి వెళ్తుంది. వాల్వ్ తిప్పగానే పిస్టన్ కదిలి రిఫ్లెక్టర్‌ని (బల్బు వెనకుండే అద్దంలాంటి గిన్నెని) బల్బుతో సహా కిందికి, రోడ్డు ఎడమ అంచు వైపు వంచుతుంది, డ్రైవర్ వైపు దీపం ఆరిపోతుంది. వాల్వ్ వెనక్కి తిప్పితే స్ప్రింగ్ దాన్ని యథాస్థానానికి తెస్తుంది.

రెండు ఫిలమెంట్ల బల్బు (దూరం వెలుగుకి ఒక తీగ, కిందికి దించిన వెలుగుకి ఇంకో తీగ ఉండేది) 1924-25 నాటికే అమెరికాలో, జర్మనీలో ఉంది. అయినా బ్రిటన్ చాలాకాలం ఒక దీపం వంచి ఇంకోటి ఆర్పే పద్ధతినే పట్టుకుంది. 1930ల్లో గాలి పోయి సోలెనాయిడ్ (కరెంటుతో కదిలించే అయస్కాంతపు చుట్ట) వచ్చింది తప్ప వంగేది మాత్రం రిఫ్లెక్టరే. పాత కారుకి తగినది వంగే రిఫ్లెక్టరా, రెండు ఫిలమెంట్ల బల్బా అన్న ఇవాళ్టి తగువుకి మూలం ఇదేనని నా అభిప్రాయం.

వద్దనే వాళ్లు చెప్పేది తీసిపారేసేది కాదు. ఎత్తు ఎక్కుతూ యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే వాక్యూమ్ పడిపోయి వంగిన దీపం మళ్లీ పైకి లేవొచ్చు, ఒక్క దీపమే వెలిగితే ఎదుటివాడు మోటార్‌సైకిల్ అనుకోవచ్చు. అందుకే రెండు ఫిలమెంట్ల బల్బు వేసుకోమంటారు. వాళ్లకి అన్నిటికంటే పెద్ద అభ్యంతరం, వందేళ్ల మానిఫోల్డ్‌కి రంధ్రం చేసి మర కోయడం.

బిగించాలనే వాళ్ల మాట ఇంకా లోతైనది. ఇలాంటి డిప్పర్లని ఆ రోజుల్లోనే, కారు కొన్న తర్వాత కూడా జనం పెట్టించుకున్నారు, మెకానిక్‌లు మానిఫోల్డ్‌కి రంధ్రాలు చేశారు. 1928లో చేసిన రంధ్రం చరిత్ర అయితే, అప్పటి పరికరాన్నే వెతికి తెచ్చి అదే పద్ధతిలో ఇప్పుడు చేసేది నేరం ఎలా అవుతుంది? పైగా రెండు ఫిలమెంట్ల బల్బు వేస్తే ఆ రెండో ఫిలమెంట్ రిఫ్లెక్టర్ ఫోకస్‌లో ఉండదు, దాని కోసం తయారు కాని పాత రిఫ్లెక్టర్‌లో వెలుగు చెదిరిపోతుంది. రిఫ్లెక్టర్‌నే వంచితే ఫోకస్ చెడదు.

చట్టాన్ని అడ్డం పెట్టుకునే వీలు కూడా లేదు. 1931 జనవరి 1కి ముందు రోడ్డెక్కిన కారుకి డిప్ తప్పనిసరి అని బ్రిటిష్ నిబంధనలు అడగవు. పెట్టుకునేవాడు ఎదుటివాడి కళ్ల కోసం పెట్టుకుంటున్నాడు. మన దగ్గర, హైదరాబాద్‌లోనైనా విశాఖలోనైనా, చూసుకోవాల్సింది వేరే ఉంది: 2021 కేంద్ర నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన బండికి వింటేజ్ రిజిస్ట్రేషన్ కావాలంటే ఛాసిస్, బాడీ, ఇంజిన్‌లలో పెద్ద మార్పులు ఉండకూడదు. ఒక చిన్న రంధ్రాన్ని పెద్ద మార్పు అనడం నాకైతే అన్యాయంగానే తోస్తుంది.

ఆ రంధ్రం కూడా అన్ని కార్లకీ అక్కర్లేదు. వెనక ట్యాంకు నుంచి పెట్రోల్ లాగడానికి ఆటోవాక్ (వాక్యూమ్‌తోనే పనిచేసే పరికరం) ఉన్న కార్లలో మానిఫోల్డ్ నుంచి వాక్యూమ్ గొట్టం ముందే ఉంటుంది, దానికో టీ జాయింట్ (ఒక గొట్టాన్ని రెండుగా చీల్చే అతుకు) వేస్తే చాలు. కానీ డిప్పర్ పిస్టన్ దగ్గర గాలి లీకైతే పెట్రోల్ సరఫరా కూడా దెబ్బతింటుంది కాబట్టి, ఆ కొమ్మకి విడిగా ఒక ట్యాప్ పెట్టుకోవాలి.