వాల్‌నట్స్: అపోహలు - వాస్తవాలు

అపోహ: చూడ్డానికి మెదడులా ఉంటాయి, కాబట్టి జ్ఞాపకశక్తి పెరుగుతుంది.
వాస్తవం: పోలికకీ పనికీ సంబంధం లేదు. ఒక అధ్యయనంలో స్పెయిన్‌లోని బార్సిలోనా, అమెరికాలోని లోమా లిండాల్లో 63-79 ఏళ్ల ఆరోగ్యవంతులు రెండేళ్లపాటు రోజూ వాల్‌నట్స్ తిన్నారు. మొత్తమ్మీద జ్ఞాపకశక్తిలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. వాళ్లలోనే చెడు కొలెస్ట్రాల్ (ఎల్‌డీఎల్) మాత్రం డెసిలీటరు రక్తానికి సగటున 4 మిల్లీగ్రాముల దాకా తగ్గింది. తగ్గుదల చిన్నదే, మందుకు బదులు కాదు.

అపోహ: అంత నూనె ఉన్న పప్పు గుండెకు చేటు.
వాస్తవం: 28 గ్రాముల్లో, అంటే సుమారు 14 సగం పప్పుల్లో, కొవ్వు 18 గ్రాములు. అందులో 13 గ్రాముల దాకా గుండెకు మేలు చేసే బహుళ అసంతృప్త కొవ్వే. కొలెస్ట్రాల్ సున్నా. అయితే కేలరీలు 185. రోజూ తినేదంతా తిని, పైన ఇవీ వేసుకుంటే లాభం లేదు. బిస్కెట్లో, వేపుడు చిరుతిండో మానేసి వాటి స్థానంలో తినాలి. రోజుకు గుప్పెడు చాలు.

అపోహ: ఒమేగా-3 ఉంది కదా, ఇక చేపలు అక్కర్లేదు.
వాస్తవం: ఇందులో ఉన్నది మొక్కల్లో దొరికే ఏఎల్‌ఏ రకం ఒమేగా-3, గుప్పెడులో 2.5 గ్రాములు. చేపల్లో ఉండే ఈపీఏ, డీహెచ్‌ఏ రకాలుగా శరీరం మార్చుకునేది అందులో కొంచెమే. శాకాహారులకు మంచి వనరే, కానీ రెండూ ఒకటి కావు.

అపోహ: నానబెట్టకపోతే విషం.
వాస్తవం: కాదు. నానితే మెత్తబడతాయి, పొట్టు వగరు కాస్త తగ్గుతుంది, అంతే. ఆ వగరిచ్చే, ఒంటికి మేలు చేసే పాలీఫినాల్స్ అనే పదార్థాలు ఎక్కువగా ఉండేది పొట్టులోనే, కాబట్టి ఒలిచి పారేయకండి. నానినవి ఫ్రిజ్‌లో పెట్టి ఒకటి రెండు రోజుల్లో తినేయాలి, లేకపోతే బూజు పడతాయి.

అపోహ: చేదుగా ఉంటేనే మందు.
వాస్తవం: ఇదే అసలు ప్రమాదకరమైన నమ్మకం. పొట్టు వగరు వేరు, ముక్కిన నూనె చేదు వేరు. గుండెకు మేలు చేసే ఆ కొవ్వే గాలి, వెలుతురు, వేడి తగిలితే త్వరగా పాడవుతుంది. పెయింట్ వాసన వచ్చినా, గొంతులో గరగరలాడినా పారేయండి. వేయిస్తే ఆ వాసన మరుగున పడుతుందేమో గానీ నూనె బాగుపడదు. ముక్కలు, పొడి ఇంకా త్వరగా ముక్కుతాయి. సగం పప్పులే కొని, గాలి చొరని డబ్బాలో పెడితే ఫ్రిజ్‌లో ఆరు నెలలు, ఫ్రీజర్‌లో ఏడాది నిలుస్తాయి.

అయిదేళ్లలోపు పిల్లలకు పప్పుగా ఇవ్వొద్దు, గొంతుకు అడ్డం పడుతుంది. మెత్తటి పొడి చేసి కలపండి. పెకాన్ (వాల్‌నట్‌కు దగ్గరి జాతి పప్పు) పడనివాళ్లకు ఇదీ పడకపోవచ్చు. పెదవులు వాచి, ఊపిరి ఆడకపోతే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.