గుయ్యిమనే సైకిలు

పర్లాకిమిడి

చిరంజీవి మనవరాలికీ, దానితో పాటు సైకిళ్ల మీద బడికి వెళ్లే పిల్లలందరికీ తాతయ్య ఆశీస్సులు.

గుణుపురం నుంచి నువ్వు రాసిన ఉత్తరం అందింది. "తాతయ్యా, నాన్న కొన్నది కొండలెక్కే సైకిలట. తారురోడ్డు ఎక్కగానే తేనెతుట్టె కదిలినట్టు గుయ్యిమంటుంది. పాత సైకిళ్ల వాళ్లు కూడా నన్ను దాటిపోతున్నారు. బలం లేనిది నాకా, సైకిలుకా?" అని అడిగావు. మీ ఇద్దరికీ బలం ఉంది తల్లీ. దాని కాళ్లకు తొడిగిన చెప్పులే నీ దారికి తగినవి కావు.

మా చిన్నప్పుడు ఇంట్లో రెండు జతల ఎడ్లు ఉండేవి. దుక్కి జతకు ఏనాడూ నాడాలు కొట్టించలేదు. దమ్ము చేసిన మడిలో వాటి చీలిన గిట్ట విచ్చుకుని బురదను పట్టేది. బండి జతకు మాత్రం నాడాలు తప్పేవి కావు. ఎద్దును తాళ్లతో పడేసి, నాలుగు కాళ్లూ కలిపి కట్టి, చీలిన గిట్టకు రెండు రేకుల చొప్పున మేకులతో దిగ్గొట్టేవారు. నేను అరుగు మీద నిలబడి ఏడ్చేవాణ్ని. ఎద్దు మాత్రం లేచి, ఒళ్లు దులుపుకుని, గడ్డి మేసేది.

నీ సైకిలుది దుక్కి ఎద్దు గిట్ట. టైరు మీద బుడిపెలున్నాయే, అవి మట్టిలో దిగి పట్టుకోవడానికి. తారులో దిగడానికి ఏముంది? ఒక బుడిపెను బొటనవేలితో పక్కకు నెట్టి చూడు. వంగుతుంది, వదిలితే లేస్తుంది. చక్రం తిరిగినంతసేపూ కింద పడ్డ ప్రతి బుడిపె చేసే పని అదే. వంచేది నీ కాళ్ల కష్టం. లేచేటప్పుడు అది ఆ కష్టమంతా తిరిగి ఇవ్వదు, కొంత వేడిగా పోతుంది. ఆ గుయ్యిమనే చప్పుడు బుడిపెలు ఒకదాని వెంట ఒకటి రోడ్డును కొట్టడమే. మన మహేంద్రగిరి కొండ ఎత్తు 1,501 మీటర్లు. దాని కోసం పుట్టిన టైరును నువ్వు రోజూ బడికి తీసుకెళ్తున్నావు!

కాబట్టి నున్నటి టైరు వేయించమని మీ నాన్నకు చెప్పు. వానలో జారదా అంటాడు. నా ఎద్దు పోలిక మొరాయించేదీ ఇక్కడే, ఇనుప నాడా తడిరోడ్డు మీద నిజంగానే జారేది. రబ్బరు అలా కాదు, రోడ్డులోని సన్నటి గరుకులో ఒదిగి కూర్చుంటుంది. వేగంగా పోయే కారు నీటిపొర మీద తేలిపోకుండా దాని టైరుకు గాడులు కావాలి. సైకిలు సన్నటి టైరు ఆ వేగానికి చేరదు, నీటిని కోసుకుంటూ పోతుంది. తడిసిన తెల్లగీతలు, రైలు గేటు దగ్గర పట్టాలు, పేడ మాత్రం ఏ టైరునైనా జారుస్తాయి. అక్కడ నెమ్మదించు. మీ వీధి చివర బురద ఉంటే నడుమ నున్నగా, అంచుల్లో బుడిపెలతో ఉండే రకం తీసుకోండి.

గాలి నింపిన టైరును వాడుకలోకి తెచ్చిన డన్‌లప్ ఎవరో తెలుసా? బెల్‌ఫాస్ట్‌లో పశువుల డాక్టరు! కొడుకు మూడు చక్రాల బండి గతుకుల్లో ఎగిరెగిరి పడుతుంటే చూడలేక చేశాడు. 1888లో పేటెంటు వచ్చింది. నా ఎద్దుల పోలిక అతనికైతే నచ్చేదనుకుంటాను.

కొనేముందు టైరు పక్కన అచ్చువేసిన అంకెలు చదువు. ఒకసారి మీ నాన్న సైకిలుకని నేను బరంపురం నుంచి 26 అంగుళాల టైరు మోసుకొచ్చాను. రిమ్ము మీద గాజులా వదులుగా వేలాడింది. మీ అమ్మమ్మ వారం రోజులు నవ్వింది. అది ఆడవాళ్ల సైకిళ్లకు వేసే 26 × 1⅜ టైరు, లోపలి కొలత 590 మిల్లీమీటర్లు. కొండ సైకిలు 26కు కావలసింది 559. పేరు ఒకటే, కాళ్లు వేరు. టైరు మీద 50-559 అని ఉంటే 50 వెడల్పు, 559 రిమ్ముకు సరిపోయే కొలత. ఆ చివరి మూడంకెలు పాతదానికీ కొత్తదానికీ ఒకటే కావాలి. వెడల్పు అంగుళంన్నర చాలు. మరీ సన్నటిదానికి ఆశపడకు, వెడల్పాటి రిమ్ము మీద సరిగా కూర్చోదు, గతుకులకు నడుము విరుగుతుంది.

ఇక గాలి. నౌపడా నుంచి పర్లాకిమిడికి 1900లో వేసిన చిన్న రైలు మీ గుణుపురం దాకా 1931లో వచ్చింది. అప్పట్లో పట్టాల మధ్య రెండున్నర అడుగులే ఉండేది. మేము దానితో సైకిలు పందెం వేసేవాళ్లం. ఒకరోజు వెనక టైరులో గాలి సగమే ఉంది, నేను చూసుకోలేదు. నేను చెమటలు కక్కుతుంటే గార్డు పచ్చజెండా ఊపి నవ్వుతూ దాటిపోయాడు. ఎంత గాలి పట్టాలో కూడా టైరు పక్కనే రాసి ఉంటుంది. నీలాంటి తేలిక మనిషికి అందులో పైఅంకె దాకా అక్కర్లేదు, వెనక చక్రానికి ముందుదానికంటే కాస్త ఎక్కువ చాలు. పెట్రోలు బంకులో కొట్టిస్తే పక్కనే ఉండి చూడు, సైకిలు ట్యూబు క్షణాల్లో నిండుతుంది.

వాన వెలిశాక ఒక పని చెయ్యి. నీటిగుంటలోంచి పొడి రోడ్డు మీదికి సైకిలు నడిపించి, దిగి వెనక్కి చూడు. నీ టైరు వేసిన ముగ్గు కనిపిస్తుంది. పాలబ్బాయి సైకిలునూ అడిగి అలాగే నడిపించు. రెండు ముగ్గులూ ఆరకముందే నోటుపుస్తకంలో వేసుకుని, నీ టైరు మీది మూడంకెలతో కలిపి నాకు పంపు.

మీ తాతయ్య