చెరువు నిండుతదా కాదు, ఎప్పుడు నిండుతదని అడగండి: చేపలు, అడవి, వాతావరణం మీద అపోహలు - వాస్తవాలు

నేను నర్సంపేట దిక్కు మత్స్య సొసైటీలతోని పనిచేస్త, ఎండాకాలం పాకాల అడవి దిక్కు పోయేటోళ్లతో కూడా తిరుగుత. ఏటా వినే మాటలే ఇవి.

అపోహ: ఈసారి వానలు మామూలుగనే పడ్తయన్నరు, ఇంక చేపలకు ఢోకా లేదు.

వాస్తవం: సీజన్ మొత్తం లెక్కతో మాకు పెద్ద పని లేదు. చెరువు ఎప్పుడు నిండుతది, నీళ్లు ఏ నెల దాకా ఆగుతయి, అది కావాలె. సెప్టెంబర్ ఆఖర్న నిండి మార్చికే అడుగంటే చెరువులో 35-40 మిల్లీమీటర్ల చేప పిల్ల పోస్తే బొచ్చె, రవ్వ ఎదగకముందే నీళ్లు అయిపోతయి, పోనీ తొందరపడి ముందే పోసినమా మత్తడి (నిండిన చెరువు నీళ్లు పొర్లిపోయే చోటు) దుంకిందంటే పిల్లంతా కిందికే. 2023 జులై ఆఖర్న ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్లు పడ్డది, అసొంటి వానకు మత్తడికి కట్టిన జాలి ఏం ఆపుతది, చెత్త పేరుకుని జాలే తెగుతది. అందుకే పిల్ల దించే ముందు వచ్చే వారం పది రోజుల వాన సూచన చూడుమని మొత్తుకుంట.

అపోహ: మబ్బు పట్టింది, చల్లగున్నది, చేపలకు హాయి.

వాస్తవం: నాకు భయమయ్యేది ఆ రోజులే. ఎండ ఉంటేనే నీళ్లలోని పచ్చటి నాచు ఆక్సిజన్ చేస్తది, రాత్రి చేపతో పాటు అది కూడా ఆక్సిజన్ తాగుతది. రెండు రోజులు మబ్బుండి గాలి కూడా ఆడకపోతే తెల్లారుజామున నాలుగింటికి టార్చి పట్టుకుని కట్ట మీదికి పోయి చూడండి, చేపలన్నీ పైకి తేలి నోళ్లు తెరుస్తుంటయి. పైగా నీళ్లు వేడెక్కినకొద్దీ ఆక్సిజన్ తక్కువ పడ్తది, 20 డిగ్రీల దగ్గర లీటరుకు 9 మిల్లీగ్రాముల దాకా కరిగితే 30 డిగ్రీల దగ్గర ఏడున్నరే. ఫోన్లో కనపడేది గాలి వేడి, చెరువు సంగతి దానికేం తెలుసు? థర్మామీటర్ నీళ్లలో ముంచి చూడాలె. మబ్బు సూచన ఉంటే ఆ రోజు చెరువుకు ఎరువుగా పేడ వెయ్యకండి, దాణా ఆపండి, అవి కుళ్లితే ఉన్న ఆక్సిజన్ కూడా తగ్గుతది. (కొర్రమట్ట పైకొచ్చి గాలి పీలుస్తది, దాన్ని చూసి అన్ని చేపలూ అట్లనే అనుకోవద్దు.)

అపోహ: అడవిలో నీళ్ల తొట్లు ఎన్ని కడితే జంతువులకు అంత మంచిది.

వాస్తవం: ఎన్ని కట్టినమన్నది కాదు, ఏ నెల ఎక్కడ నీళ్లున్నయన్నది చూడాలె. నీళ్లు ఒక్కచోటే ఉంటే జంతువులన్నీ అక్కడికే, ఉచ్చులు పెట్టేటోళ్లు, కరెంటు తీగలు గుంజేటోళ్లు కూడా అక్కడికే. ఏ వాగు ఏ నెలలో ఎండుతదో బీట్ (ఒక్కో ఫారెస్ట్ గార్డు చూసుకునే అడవి ముక్క) వారీగా రాసుకుంటే ట్యాంకర్ ఎటు తోలాలో తెలుస్తది. ఇది వాతావరణ శాఖ చెప్పేది కాదు, రోజూ తిరిగే వాచర్‌కే తెలుస్తది.

అపోహ: శాటిలైట్ మెసేజ్ వస్తది గదా, అడవి మంటలకు అది చాలు.

వాస్తవం: అది అంటుకున్నంకనే వస్తది. ఇప్పపువ్వు ఏరేటోళ్లు కొందరు కింద ఆకుకు నిప్పు పెడ్తరు, అందుకే ఆ కాలం రాకముందే ఆకు ఎంత ఎండింది, గాలి ఎటు కొడ్తుంది అనేది చూడాలె, ఫైర్ లైన్ (మంట దాటకుండ ఆకు ఊడ్చిన బాట) గీసే టైమ్ అప్పుడే.

మేం ఇప్పుడు తూము రాయి మీద పెయింట్‌తో అడుగు అడుగుకు గీతలు గీసినం, సోమవారం సోమవారం ఒకాయన దాని ఫోటో వాట్సాప్‌లో పెడ్తడు. పోయిన వారం నీటి మట్టం రెండు గీతలు దిగింది.