కొండ ఊళ్ల బొమ్మలు: కొన్ని అపోహలు, వాస్తవాలు

ఇటలీ కొండ ఊళ్లంటే నాకు తీరని మోజు. నీటిరంగుల్లో ఎన్నేళ్లుగా వేస్తున్నా తనివి తీరదు. బొమ్మ చూసినవాళ్లు ముందుగా "ఇన్ని కిటికీలు ఎలా వేశారండీ?" అని అడుగుతారు. నాకు మాత్రం కిటికీలకన్నా, ఊరు ఆ కొండలోంచే మొలిచినట్టు కనబడటం ముఖ్యం. నేర్చుకునేవాళ్ల నోట తరచూ వినే మాటలు కొన్ని తీసుకుని రాస్తున్నాను.

అపోహ: అందం కోసమే కొండల మీద ఊళ్లు కట్టుకున్నారు.

వాస్తవం: భయంతో కట్టుకున్నారు. శత్రువు దూరాన ఉండగానే కనబడాలి, కొండవాలే సగం కోటగోడ కావాలి. టస్కనీ తీరాన మరెమ్మా పల్లపు నేలల్లో మలేరియా భయం కూడా ఉండేది. శాన్ జిమిన్యానోలో కలవారి కుటుంబాలు పోటీలు పడి సుమారు 72 బురుజు ఇళ్లు కట్టాయి, కొన్ని 50 మీటర్ల ఎత్తు దాకా. ఇప్పుడు మిగిలినవి 14. ఇది తెలిశాక కుంచె పట్టే తీరే మారుతుంది. బురుజును నాజూగ్గా వేయబుద్ధి కాదు, బరువుగా, లోకానికి తలుపులు మూసుకున్న గోడలా వేస్తాం.

అపోహ: రాతి గోడలన్నిటికీ ఎల్లో ఓకర్ (పసుపు మట్టిరంగు) ఒక్కటి చాలు.

వాస్తవం: ఏ ఊరి రాయి ఆ ఊరిదే. అస్సీసి ఇళ్లది సుబాసియో కొండ రాయి, లేత గులాబీ ఛాయ. ఒర్వియేతో అగ్నిపర్వతపు బూడిద గట్టిపడిన టఫ్ బండ మీద ఉంది, ఊళ్లో పాత ఇళ్లు చాలావరకు ఆ రాతితోనే కట్టారు. స్పెయిన్‌లో ఆర్కోస్ దె లా ఫ్రొంతెరాకి వెళ్తే గోడలన్నీ తెల్లటి సున్నమే. మళ్లీ ఇటలీకొస్తే, సియెనాది ఇటుక ఎరుపు. మన రంగుల పెట్టెలోని సియెన్నా రంగుకు పేరు ఆ ఊరి నుంచే వచ్చింది. అది ఇనుము, కాస్త మాంగనీసు ఉన్న మట్టి. అలాగే నూరితే రా సియెన్నా. కాలిస్తే అందులోని నీరు పోయి, ఎర్రబడి బర్ంట్ సియెన్నా అవుతుంది. మన కుమ్మరి ఆవంలో కుండ ఎర్రబడేదీ ఇనుము వల్లే. ఈ రోజుల్లో చాలా ట్యూబుల్లో ఉండేది కృత్రిమ ఐరన్ ఆక్సైడే అయినా, ఆ రంగు తాకినప్పుడల్లా నాకు ఆ మట్టే గుర్తొస్తుంది.

అపోహ: నీడకు నలుపు కలపాలి.

వాస్తవం: నలుపు కలిపితే సందు చచ్చిపోతుంది. అదే బర్ంట్ సియెన్నాలో అల్ట్రామెరైన్ నీలం కలపండి, ఊపిరున్న బూడిద రంగు వస్తుంది. ఇరుకు సందుల్లో ఎదురు గోడ మీది ఎండ నీడలోకి చిమ్ముతుంది. అందుకే నీడ కింది భాగం వెచ్చగా, ఆకాశానికి తెరుచుకున్న పైభాగం నీలంగా ఉంటుంది. ఒకే తడిలో రెండూ వేసి కలవనివ్వాలి. మా హైదరాబాద్ ఎండాకాలంలో వాష్ (పలుచగా పరిచిన రంగునీరు) చూస్తుండగానే ఆరిపోతుంది కాబట్టి నేను 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాములు) మందపు కాటన్ పేపర్‌ను రెండు వైపులా తడిపి మొదలుపెడతాను.

అపోహ: దూరంగా పోయే వీధి గీతలన్నీ కంటి మట్టం (మన కళ్ల ఎత్తున బొమ్మలో అడ్డంగా ఊహించే గీత) దగ్గరే కలుస్తాయి.

వాస్తవం: కొండ ఊళ్లో ఎక్కువ బొమ్మలు చెడేది ఇక్కడే. కిటికీ గట్లు, చూరు గీతలు వీధి వాలుతో పోకుండా నీటి మట్టంలా సమంగా ఉంటాయి కాబట్టి అవి కంటి మట్టం దగ్గరే కలుస్తాయి. ఎక్కే వీధి అంచులు మాత్రం దానికి పైన కలుస్తాయి, దిగే వీధివి కింద. రెండింటినీ ఒకే చోట కలిపితే ఎంత నిటారు మెట్ల దారైనా బల్లపరుపైపోతుంది.

అపోహ: నీటిరంగులు నిలవవు.

వాస్తవం: జర్మన్ చిత్రకారుడు ఆల్బ్రెక్ట్ డ్యూరర్ 1495లో ఇటలీ నుంచి ఇంటికి తిరిగి వెళ్తూ, కొండ మీది కోటతో సహా ఉత్తర ఇటలీలోని ఆర్కో ఊరిని నీటిరంగుల్లో వేశాడు. ఆ బొమ్మ ఇప్పుడు పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉంది. వెలిసిపోయే రంగులు లేకపోలేదు, అలిజరిన్ క్రిమ్సన్ అనే ముదురు ఎరుపు అలాంటిదే. ఇనుప మట్టి రంగులకు ఆ భయం లేదు.

అపోహ: అంచులన్నీ తీరుగా, పదునుగా ఉండాలి.

వాస్తవం: ఇటలీలోని చీవితా ది బాన్యోరేజో అనే ఊరు చూడండి. పైన టఫ్ రాయి, కింద బంకమట్టి. మట్టి కోసుకుపోతూ పై బండ అంచులు విరిగిపడుతున్నాయి, ఊరికి వెళ్లడానికి కాలినడక వంతెన ఒక్కటే దారి. ఆ ఊరి కప్పుల్ని పొడి కాగితం మీద పదునుగా వేస్తాను. మట్టి వాలు దగ్గరికొచ్చేసరికి కాగితం తడిపి, రా సియెన్నాను లోయలోకి జారనిస్తాను.