ఫోటో షార్ప్‌గా రాకపోతే లెన్స్‌దే తప్పా? ఆటోఫోకస్ ఫైన్ ట్యూనింగ్: అపోహలు - వాస్తవాలు

పెళ్లి ముహూర్తాలు అయిపోయిన వారంలోనే మా బెంచ్ మీదకి లెన్సులు ఎక్కువగా వస్తాయి. విశాఖలో జగదాంబ జంక్షన్ దగ్గర కెమెరాలు, లెన్సులు బాగుచేయడం నా పని. "అన్నా, కన్ను మీద పెడితే చెవి మీద పడుతోంది ఫోకస్, కాస్త ట్యూన్ చేసిపెట్టు" అంటారు కుర్రాళ్లు. కొందరు అప్పటికే మెనూలోకి వెళ్లి నంబర్లు మార్చేసి ఉంటారు. వచ్చిన వాటిలో ట్యూనింగ్ నిజంగా కావలసినవి తక్కువే. మంచి లెన్స్‌ని పాడైందనుకుని సగం ధరకి అమ్మేసుకున్నవాళ్లని చూశాను. ఆ బాధ మీకు రాకూడదనే ఇది రాస్తున్నాను.

అపోహ: ఫోకస్ తప్పుతోందంటే లెన్స్ పోయినట్టే.

వాస్తవం: డీఎస్‌ఎల్‌ఆర్‌లో (లోపల అద్దం ఉండే కెమెరాలో) ఫోటో పడే చోటు వేరు, ఫోకస్ కొలిచే చోటు వేరు. పెద్ద అద్దం వెనక ఇంకో చిన్న అద్దం ఉంటుంది. అది కొంత వెలుతురుని కిందికి మళ్లించి, మిర్రర్ బాక్స్ అడుగున ఉన్న ఏఎఫ్ (ఆటోఫోకస్) సెన్సార్‌కి పంపుతుంది. లెన్స్ నుంచి అక్కడికి వెలుతురు నడిచే దారి, ఫోటో పడే ఇమేజ్ సెన్సార్‌కి నడిచే దారి సరిసమానంగా ఉండాలి. వెంట్రుకవాసి తేడా ఉన్నా, అక్కడ సరిగ్గా కుదిరిన ఫోకస్ ఇక్కడ ముందుకో వెనక్కో జరుగుతుంది. ముందుకి జరిగితే ఫ్రంట్ ఫోకస్, వెనక్కి జరిగితే బ్యాక్ ఫోకస్. కెమెరా బాడీలో ఉన్న చిన్న తేడా, లెన్స్‌లో ఉన్న చిన్న తేడా కలిస్తే పెద్దదవుతుంది, ఒక్కోసారి ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటుంది. మీ దగ్గర తప్పుతున్న లెన్స్ మీ స్నేహితుడి బాడీ మీద చక్కగా పనిచేయడానికి కారణం ఇదే. తప్పు జంటది, ఒక్క లెన్స్‌ది కాదు.

ఈ తేడాని మనమే సరిచేసుకునే వీలు 2007లో కానన్ ఈఓఎస్-1డి మార్క్ 3, నికాన్ డి3, డి300లతో వచ్చింది. కానన్ దాన్ని మైక్రో అడ్జస్ట్‌మెంట్ అంటుంది, నికాన్ ఫైన్ ట్యూన్ అంటుంది. రెండింటిలోనూ -20 నుంచి +20 వరకు నంబర్లుంటాయి. ప్లస్ వైపు వెళ్తే ఫోకస్ కెమెరాకి దూరంగా, మైనస్ వైపు వెళ్తే దగ్గరగా జరుగుతుంది.

అపోహ: ట్యూన్ చేయిస్తే ఇక అన్ని ఫోటోలూ షార్ప్‌గానే వస్తాయి.

వాస్తవం: అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తున్నది ఈ నమ్మకమే. పూర్ణా మార్కెట్‌లో పాసంగం ఉన్న త్రాసు సంగతి ఆలోచించండి. అది ప్రతిసారీ ఒకే వైపు, ఒకే మోతాదులో మొగ్గితే, రెండో పళ్లెంలో చిన్న రాయి వేసి సరిచేయొచ్చు. ఒకసారి ఇటు, ఒకసారి అటు ఊగే త్రాసుని ఏ రాయీ సరిచేయలేదు. ఫైన్ ట్యూనింగ్ ఆ చిన్న రాయి లాంటిది. పది ఫోటోలు తీస్తే పదింటిలోనూ ఫోకస్ ఒకే వైపు, దాదాపు ఒకే దూరం తప్పితేనే అది పనికొస్తుంది. నాలుగు ముందుకి, మూడు వెనక్కి, మూడు సరిగ్గా వస్తుంటే మెనూ జోలికి వెళ్లకండి. కారణం వేరే ఉంటుంది.

ఆ కారణాల్లో రోజూ కనిపించేది మధ్య పాయింట్‌తో కన్ను మీద ఫోకస్ లాక్ చేసి, తర్వాత ఫ్రేమ్ పక్కకి జరపడం. 85 ఎంఎం లెన్స్, అపర్చర్ (లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం) ఎఫ్ 1.8, పెళ్లికూతురు 2 మీటర్ల దూరంలో ఉందనుకోండి. ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సార్) బాడీ మీద షార్ప్‌గా కనిపించే లోతు మొత్తం 6 సెంటీమీటర్లు. కన్నుకి ముందు 3, వెనక 3. ఇప్పుడు కెమెరాని 10 డిగ్రీలు తిప్పితే ఫోకస్ తలం కన్ను వెనక్కి 3 సెంటీమీటర్లు జరుగుతుంది. అంటే కన్ను సరిగ్గా అంచు మీద ఉంది. క్రాప్ సెన్సార్ (చిన్న సెన్సార్) అయితే ఆ లోతు 4 సెంటీమీటర్లే కాబట్టి కన్ను అప్పటికే బయటికి వెళ్లిపోయింది. చూసేవాళ్లకి అది బ్యాక్ ఫోకస్‌లాగే ఉంటుంది. లెన్స్‌లో మాత్రం ఏ తప్పూ లేదు. ఫ్రేమ్ జరపకుండా, కన్ను ఉన్న చోటికే ఫోకస్ పాయింట్‌ని జరపండి. సగం సమస్య అక్కడే తీరుతుంది.

జీలకర్ర బెల్లం, తలంబ్రాల సమయంలో వచ్చే బ్లర్ చాలాసార్లు ఫోకస్ తప్పు కాదు, షట్టర్ స్పీడ్ చాలకపోవడం. బియ్యం గింజలు, చేతులు, ముఖం అన్నీ ఒకే దిక్కుకి సాగినట్టుంటే అది కదలిక. ఫోకస్ తప్పితే ఫ్రేమ్‌లో ఇంకెక్కడో ఒకచోట, చీర అంచు మీదో వెనక పూలదండ మీదో, పదును కనిపిస్తుంది.

అపోహ: ఇంట్లో ఓ స్కేల్‌ని వాలుగా పెట్టి, దాని మీద ఫోకస్ చేసి చూస్తే చాలు.

వాస్తవం: వ్యూఫైండర్‌లో కనిపించే చిన్న చదరం కంటే అసలు ఫోకస్ పాయింట్ చూసే ప్రాంతం పెద్దది. వాలుగా ఉన్న స్కేల్ మీద అది మీరు అనుకున్న గీతనే పట్టుకుందని చెప్పలేం. నేను చేసే పద్ధతి చెబుతాను.

న్యూస్‌పేపర్‌లో పెద్ద హెడ్డింగ్ ఉన్న పేజీని గోడకి చదునుగా అతికిస్తాను. కెమెరా ట్రైపాడ్ మీద, పేజీకి సరిగ్గా ఎదురుగా ఉండాలి. దూరం ఫోకల్ లెంగ్త్‌కి (లెన్స్ మీద రాసి ఉండే ఎంఎం సంఖ్యకి) 50 రెట్లు. అంటే 50 ఎంఎంకి రెండున్నర మీటర్లు, 85 ఎంఎంకి నాలుగు మీటర్ల పైచిలుకు. అపర్చర్ పూర్తిగా తెరిచి, మధ్య పాయింట్ ఒక్కటే పెట్టి, వైబ్రేషన్ రిడక్షన్ (చేతి వణుకుని అణిచే ఏర్పాటు) ఆపేసి, టైమర్‌తో తీస్తాను. ముందు లైవ్ వ్యూలో (వెనక స్క్రీన్ మీద చూస్తూ) ఫోకస్ చేసి ఒక ఫోటో. లైవ్ వ్యూలో ఇమేజ్ సెన్సారే ఫోకస్ చూస్తుంది కాబట్టి అదే మనకి కొలబద్ద. తర్వాత వ్యూఫైండర్‌తో పది ఫోటోలు. ప్రతి ఫోటోకి ముందు ఫోకస్ రింగ్‌ని తిప్పి ఫోకస్‌ని చెదరగొట్టాలి: ఐదుసార్లు ఇన్ఫినిటీకి, ఐదుసార్లు దగ్గరికి. ఈ మెట్టు వదిలేస్తే మోటార్ కదలకుండా ఉన్నచోటే ఆగిపోయి, ఫలితం నిజం చెప్పదు. పదింటినీ కంప్యూటర్‌లో పూర్తి సైజులో ఆ మొదటి ఫోటోతో పోల్చాలి.

తేడా ఒకేలా ఉంటే +5, -5 వేసి ఏ వైపు మెరుగవుతుందో చూసి, అక్కడి నుంచి చిన్న అడుగులు వేయండి. నికాన్ డి5, డి500, డి850లలో ఇది సగం దానంతటదే జరుగుతుంది. లైవ్ వ్యూలో ఫోకస్ కుదిర్చి, ఏఎఫ్ మోడ్ బటన్, వీడియో రికార్డ్ బటన్ రెండూ కలిపి రెండు సెకన్ల పైన నొక్కి పట్టుకుంటే కెమెరానే నంబర్ చెబుతుంది. ఒక్కసారి వచ్చిన నంబర్ నమ్మొద్దు. ఏడెనిమిది సార్లు చేసి మధ్యది తీసుకోండి.

అపోహ: వెలుతురు ఏదైనా పర్లేదు.

వాస్తవం: ఈ పనిలోకి వచ్చిన కొత్తలో ఒక రాత్రి పసుపు బల్బు కింద 50 ఎంఎం లెన్స్ ఒకటి సెట్ చేసి ఇచ్చాను. నా బల్బు కింద అది అద్భుతంగా ఉంది. మర్నాడు ఆ ఫోటోగ్రాఫర్ ఆర్కే బీచ్‌లో కుర్సురా జలాంతర్గామి దగ్గర ప్రీ వెడ్డింగ్ షూట్‌కి వెళ్లాడు. పగటి వెలుతురులో ఫోకస్ వరుసగా తప్పింది. వెలుతురు రంగు మారితే ఏఎఫ్ సెన్సార్ కొలత కూడా కొంచెం మారుతుందని ఆ రోజు తెలిసొచ్చింది. అతని దగ్గర ఒక్క రూపాయి తీసుకోకుండా మళ్లీ చేసిచ్చాను. ఇప్పుడు ఉదయం పూట మేడ మీద నీడలోనే చేస్తాను. మీరు ఎక్కువగా హాళ్లలో లైట్ల కింద పనిచేసేవాళ్లయితే అక్కడ కూడా పది ఫోటోలు తీసి సరిచూసుకోండి.

అపోహ: ఫలానా లెన్స్‌కి +7 పెట్టమని ఎవరో చెప్పారు, అదే పెడితే చాలు.

వాస్తవం: అది వాళ్ల బాడీకి, వాళ్ల లెన్స్‌కి కుదిరిన నంబర్. మీకు రెండు బాడీలుంటే మీకే రెండు నంబర్లు రావచ్చు. జూమ్ అయితే 24 ఎంఎం (వైడ్) దగ్గర ఒకటి, 70 ఎంఎం (టెలీ) దగ్గర ఇంకొకటి కావాల్సి రావచ్చు. కానన్ 5డి మార్క్ 3లో వైడ్‌కి, టెలీకి విడివిడిగా ఇవ్వొచ్చు. నికాన్ డి750, డి850లలో ఒకే నంబర్. అలాంటప్పుడు మీరు ఎక్కువగా వాడే ఫోకల్ లెంగ్త్‌కి పెట్టుకోండి. సిగ్మా లెన్సులైతే, లెన్స్‌ని కంప్యూటర్‌కి కలిపే వాళ్ల యూఎస్‌బీ డాక్‌తో జూమ్ లెన్స్‌లోనే నాలుగు ఫోకల్ లెంగ్త్‌లు, ఒక్కోదానికి నాలుగు దూరాలు, మొత్తం 16 చోట్ల సరిచేయొచ్చు. ఓపిక ఉన్నవాళ్లకి అంతకంటే మంచి దారి లేదు.

అపోహ: ప్రతి కెమెరాలోనూ ఈ మెనూ ఉంటుంది, ప్రతి ఒక్కరూ చేసుకోవాలి.

వాస్తవం: నికాన్ డి3000, డి5000 వరుసల్లో లేదు. కానన్ 1500డి, 200డిలలో కూడా లేదు. వాటికి సర్వీస్‌లో చేయించాల్సిందే. అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాల్లో ఫోకస్ ఇమేజ్ సెన్సార్ మీదే కొలుస్తారు కాబట్టి ఈ బాధ దాదాపు ఉండదు. యారాడ కొండలో, అరకు లోయలో ఎఫ్ 8కి ల్యాండ్‌స్కేప్‌లు తీసేవాళ్లకి ఆ లోతులోనే చిన్న తేడాలు కలిసిపోతాయి.

అపోహ: కైలాసగిరి మీద నుంచి దూరంగా ఉన్న ఓడని తీస్తే మసకగా వచ్చింది, ట్యూనింగ్ కావాలి.

వాస్తవం: మధ్యాహ్నం సముద్రం మీద వేడిగాలి, ఉప్పుతేమ రెండూ కలిసి దూరపు వస్తువు అంచుల్ని కరిగించేస్తాయి. తెల్లవారుజామున వెళ్లి అదే ఓడని తీసి చూడండి. ఏసీ గదిలోంచి నేరుగా బీచ్‌కి వచ్చి లెన్స్ తీస్తే ముందు గాజు మీద చెమ్మ పట్టేస్తుంది. అరగంట బ్యాగ్‌లోనే ఉంచి తీయండి.

అపోహ: కింద పడిన లెన్స్‌ని కూడా నంబర్ మార్చి దారిలో పెట్టొచ్చు.

వాస్తవం: పెట్టలేం. ఫ్రేమ్‌లో కుడి పక్క పదునుగా, ఎడమ పక్క మసకగా ఉంటే లెన్స్ లోపలి గాజు పక్కకి ఒరిగినట్టు. నంబర్ +15, +18 దాకా వెళ్లినా సరిపోకపోతే లెన్స్ మౌంటో, బాడీలోని చిన్న అద్దమో కదిలినట్టు అనుమానించండి. అప్పుడు ఉన్న నంబర్‌ని సున్నాకి తెచ్చి, లెన్స్ ఒక్కటే కాకుండా బాడీ కూడా సర్వీస్‌కి తీసుకురండి. తప్పిన ఫోటోలు నాలుగైదు, ఏమీ మార్చకుండా కార్డులో అలాగే ఉంచి తెస్తే ఎక్కడ వెతకాలో మాకు ముందే తెలుస్తుంది.